అచ్చియ్యమ్మ వందన సమర్పణ

అచ్చియ్యమ్మ గ్రైండరు శ్రావణమాసంలో ఒక మంగళవారం పొద్దున్న పోయింది. సగం నలిగిన మినప్పప్పు కడుపులో ఉండగానే గుర్రుమని ఒక్క మూలుగు మూలిగి, మోటారులోంచి సన్నగా పొగ వదిలి ఆగిపోయింది. మెకానిక్కు విప్పి చూసి, దీనికిక చెయ్యాల్సింది రిపేరు కాదమ్మా, దినకర్మ అన్నాడు.

లాకులపేటలో కాలవ వంతెన దిగగానే ఎడమచేతి వైపు కనపడే ఇడ్లీ బండి ఆవిడదే. మొగుడు గంగరాజు ఒకప్పుడు రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. నడుం పట్టేశాక బండి దగ్గరే ప్లేట్లు కడుగుతూ, చట్నీ వేస్తూ, వచ్చినవాళ్లని పలకరిస్తూ గడుపుతున్నాడు. ఆ ఇంట్లో అన్నం ఉడకాలంటే ముందు బండి మీద ఇడ్లీ ఉడకాలి.

గ్రైండరు పోయాక అచ్చియ్యమ్మ పెరట్లో బోర్లించి ఉన్న పాత రుబ్బురోలు తిరగేసి, కడిగి, పనిలోకి దింపింది. వారం తిరిగేసరికి కుడి భుజం వాచింది. పదిహేను రోజులకి తల దువ్వుకోడానిక్కూడా చెయ్యి పైకి లేవనంది. పిండి సగానికి పడిపోయింది. ఏడున్నరకే ఇడ్లీ అయిపోతుంటే మిల్లు కూలీలు మెల్లిగా అవతలి వీధి హోటలుకి అలవాటు పడసాగారు.

అప్పుడెవరో చెప్పారు, బ్యాంకు వీధిలో ఆర్ద్రహృదయ సేవాసంస్థ అని ఉంది, లేనివాళ్లకి కుట్టుమిషన్లూ గ్రైండర్లూ ఉచితంగా ఇస్తారని. అచ్చియ్యమ్మ ఉన్న కాగితాలన్నీ కవర్లో పెట్టుకుని వెళ్లింది.

అక్కడ పథకాల సమన్వయాధికారి శేషశాయి గారని ఒకాయన ఉన్నారు. కాగితాలు ఒక్కొక్కటే చూసి, భుజం వాపు చూసి, తల పంకించారు. చాలా మర్యాదస్తుడు. కుర్చీ కూడా వేయించారు.

"అమ్మా, నీ పేదరికం విషయంలో సంస్థకి ఎలాంటి అభ్యంతరమూ లేదు," అన్నారాయన. "అది అన్ని విధాలా సంతృప్తికరంగా ఉంది. తేలాల్సిందల్లా నీ కృతజ్ఞత."

అచ్చియ్యమ్మకి అర్థం కాలేదు. ఇస్తే దణ్ణం పెట్టుకుంటానండి అంది.

అలా అనుకునే అందరూ మోసపోతున్నారని శేషశాయి గారు వివరించారు. రెండేళ్ల కిందట సంస్థ ఒకావిడకి కుట్టుమిషను ఇచ్చింది. ఇచ్చిన దాత కోదండపాణి గారు, రొయ్యల మేత వ్యాపారి, మెత్తని మనిషి. ఆరు నెలల తరవాత అటు కారులో పోతూ, ఆవిడ కొట్టు ముందు ఆపి, దిగి, నవ్వుతూ నిలబడ్డారు. ఆవిడ మిషను మీంచి తల ఎత్తకుండా, జాకెట్టా, ఫాల్సా అని అడిగింది. కోదండపాణి గారు రెండు రోజులు భోజనం చెయ్యలేదు. పాలకవర్గం అత్యవసరంగా సమావేశమై, దానం చెయ్యడం తేలికే గాని అది చేరిన చోట కృతజ్ఞత మొలుస్తోందో లేదో చూసే నాథుడు లేడని గుర్తించి, కృతజ్ఞతా విభాగం అని ఒకటి తెరిచింది. ఇప్పుడు ఆరు వారాల శిక్షణ పూర్తి చేసి, నూటికి డెబ్బై మార్కులు తెచ్చుకున్నవాళ్లకే వస్తువు.

"పొద్దున్న పదింటి నుంచి ఒంటిగంట దాకా తరగతులు. పైన, రెండో అంతస్తు," అని ఆయన పలక మీద రాసినట్టు చెప్పారు.

ఇంటికొచ్చి చెబితే గంగరాజు, ఆరు వారాలంటే మన పెళ్లి మాటలు కూడా అన్నాళ్లు నడవలేదే అన్నాడు. అయినా వేరే దారి లేదు. మర్నాటి నుంచి అచ్చియ్యమ్మ బండి ఎనిమిదింటికి కట్టేసి బడికి పోవడం మొదలుపెట్టింది.

కృతజ్ఞతా విభాగం సంచాలకురాలు డాక్టర్ ప్రమోదిని గారు. ఆవిడ ఈ శాస్త్రంలోనే పట్టా పుచ్చుకున్నారు. కృతజ్ఞత మూడు రకాలనీ, ప్రాథమిక కృతజ్ఞత చేతుల్లోనూ, మాధ్యమిక కృతజ్ఞత మెడలోనూ, ఉన్నత కృతజ్ఞత కళ్లలోనూ ఉంటుందనీ బొమ్మ గీసి చెప్పారు. మెడ ఎంత వంగాలో కొలవడానికి ఒక చెక్క కోణమానిని ఉండేది. మరీ వంగితే ఫోటోలో మొహం పడదు, తక్కువ వంగితే దాత పడడు. కన్నీరు రెప్ప దాకా రావాలి గాని చెంప మీదికి జారకూడదు. జారితే ఫ్లాషు వెలుతుర్లో మెరిసి, దాతకంటే ముందు అదే కనపడుతుంది. మూడో వారం మొత్తం దానికే పోయింది.

మార్కులు వేసేది మనుషులు కాదు. మనుషులకి పక్షపాతం ఉంటుందని, పలక లాంటి ఒక యంత్రం కొన్నారు. దాన్ని మొహానికి ఎదురుగా పట్టుకుంటే, కళ్లూ మూతీ కనుబొమలూ చూసి, నూటికి ఇంతని కృతజ్ఞతా సూచిక చెబుతుంది.

తరగతిలోని ముప్ఫైమందిలో అచ్చియ్యమ్మకి బాగా దగ్గరైనవాడు లచ్చన్న. ముసలి వడ్రంగి. ఇంటి కప్పు వేస్తూ దూలం మీంచి పడి రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. కాళ్లున్నాయి, పనికి రావు. చేతులకి పాత చెప్పులు తొడుక్కుని నేలమీద దేకుతూ తిరుగుతాడు. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి కోసం వచ్చాడు. నలభై రెండు మెట్లు రోజూ వెనక్కి తిరిగి కూర్చుని, ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చేవాడు. పదినిమిషాలు ఆలస్యమైతే ప్రమోదిని గారు రిజిస్టర్లో 'ఆసక్తి లోపం' అని రాసేవారు.

లచ్చన్నకి ఇది మూడో ఆరు వారాలు. రెండుసార్లు తప్పాడు. ఆయనది పుట్టుకతోనే ఎవరి మీదో అలిగినట్టుండే మొహం. ఎంత సంతోషంగా ఉన్నా అలాగే ఉంటుంది. యంత్రం ఆయనకి పదకొండు కంటే ఎక్కువ ఎప్పుడూ ఇవ్వలేదు. ఒకసారి పొరపాటున దాన్ని గోడ గడియారం వైపు తిప్పితే పద్నాలుగు వచ్చింది.

"బండిస్తే మొహం అదే వస్తాది అమ్మీ," అన్నాడాయన ఒకరోజు మెట్ల మీద ఆగి, ఊపిరి తీసుకుంటూ. "ముందు మొహం తెమ్మంటే ఎక్కణ్ణించి తేను?"

అచ్చియ్యమ్మకి మొదట్లో నలభై దాటేది కాదు. కృతజ్ఞత అనుకుంటే మనసులోకి ఏమీ వచ్చేది కాదు, భుజం నొప్పి తప్ప. ఒకరోజు యంత్రం ఎదురుగా నిలబడ్డప్పుడు పక్కింట్లో ఎవరిదో గ్రైండరు తిరుగుతున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడు తన ఇంట్లోంచి వస్తున్నట్టు అనుకుంది. పిండి పొంగుతున్నట్టు, మిల్లు కూలీలు మళ్లీ వరసలో నిలబడ్డట్టు, తను తల దువ్వుకుంటున్నట్టు అనుకుంది. యంత్రం కూత పెట్టింది. తొంభై ఒకటి.

ప్రమోదిని గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. సంస్థ చరిత్రలో అంత కృతజ్ఞత ఎప్పుడూ రాలేదు. శేషశాయి గారిని పైకి పిలిపించారు. ఆయన వచ్చి, యంత్రాన్నీ అచ్చియ్యమ్మనీ మార్చి మార్చి చూసి, ఇది మన వ్యవస్థకి గర్వకారణం అన్నారు.

ఆ శనివారమే గ్రైండరు ప్రదానం జరిగింది. కొత్తది, ఎర్రరంగుది, రాతి గుండ్లు తళతళలాడుతున్నాయి. కోదండపాణి గారు స్వయంగా చెయ్యి వేసి అందించారు. అచ్చియ్యమ్మ మెడ కొలత ప్రకారం వంచింది, నీరు రెప్ప దగ్గర ఆపింది. ఫోటోలు తీశారు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయ్యాక ఇద్దరు కార్యకర్తలు వచ్చి గ్రైండరుని ఎత్తి వ్యానులో పెట్టారు. ఇంటి దగ్గర దింపుతారు కాబోలనుకుని గంగరాజు వ్యాను ముందు సీట్లో ఎక్కి కూర్చుంటే దిగమన్నారు.

విషయమేమిటంటే, ప్రమోదిని గారు అంతకు ముందే ఒక అధ్యయనం చేశారు. వస్తువులు అందుకున్న పాత లబ్ధిదారుల దగ్గరికి యంత్రం పట్టుకెళ్లి కొలిచారు. అందరికీ ముప్ఫై, ముప్ఫై అయిదు. అందుకున్న నెలకే వాళ్లు ఆ వస్తువుతో పనిలో పడిపోయారు. ఇటు, వస్తువు ఇంకా రానివాళ్ల సూచిక మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది. దీన్నిబట్టి ఆవిడ తేల్చిందేమిటంటే, కృతజ్ఞతకి ప్రధాన శత్రువు వస్తువు అందడమే.

"ప్రదానం యథాతథంగా జరుగుతుంది," అని శేషశాయి గారు అచ్చియ్యమ్మకి నచ్చజెప్పారు. "వినియోగం మాత్రమే వాయిదా పడుతుంది. దీన్ని ప్రదాన పునరాదాన పద్ధతి అంటాం. గ్రైండరు నీదే. మా గోడౌనులో ఉన్న నీ గ్రైండరు."

మరి పిండి ఎలాగండీ అని ఆవిడ అడిగింది. ఆ అంశం తమ విభాగం పరిధిలోకి రాదని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నారు.

అక్కణ్ణించి అచ్చియ్యమ్మని ఊళ్లు తిప్పడం మొదలైంది. ఆవిడ కృతజ్ఞత చూసి చుట్టుపక్కల పట్టణాల్లో దాతలు ముందుకొస్తున్నారని వ్యానులో ముందు ఆవిణ్ణి, వెనక గ్రైండరుని వేసుకుని తీసుకెళ్లేవారు. అదే గ్రైండరు, వేరే దాత, వేరే శాలువా. మధ్యాహ్నం పులిహోర పొట్లం ఇచ్చేవారు. ఏడు ఊళ్లలో ఏడుసార్లు ఆవిడ ఆ గ్రైండరుని అందుకుంది. దాని మీద చెయ్యి పడ్డ ప్రతిసారీ ఈసారైనా అన్న ఆశ వచ్చేది. ఆ ఆశకి యంత్రం తొంభై ఆరు ఇచ్చేది.

ఇంటి దగ్గర బండి రోజు విడిచి రోజు నడిచేది. గంగరాజు నడుం పట్టుకుని రోలు ముందు కూర్చునేవాడు. ఇడ్లీ రాళ్లలా వచ్చేవి. ఒక సాయంత్రం ఆవిడ వచ్చేసరికి రోలు పక్కనే నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లేవలేక అక్కడే ఉండిపోయాడు.  ఆకలేస్తోందా అని ఆవిణ్ణే అడిగాడు.

ఆ రాత్రి అచ్చియ్యమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. ఎనిమిదో ఊళ్లో దండలు వేసే హడావిడిలో, ముఖ్య అతిథిగా వచ్చిన కోదండపాణి గారు ఒక్కరే పక్కన నిలబడి ఉంటే, దగ్గరికెళ్లి మెల్లిగా చెప్పేసింది.

"బాబుగారూ, తమరిచ్చిన గ్రైండరు ఒక్కరోజూ మా ఇంటికి రాలేదండి. ఈ వ్యానులోనే తిరుగుతోందండి."

ఆయనకి కోపం వస్తుందనుకుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, కొలత లేకుండా చెంపల మీదికి జారిపోయాయి.

"అందకుండానే ఇంత కృతజ్ఞతా తల్లీ," అన్నారాయన. "అందితే ఎవరైనా చూపిస్తారు."

ఆ వేదిక మీదే ఆయన లాకులపేటలో కృతజ్ఞతా మందిరం కట్టిస్తానని ప్రకటించారు.

మందిరం అయిదు నెలల్లో లేచింది. ప్రారంభోత్సవం నాడు ముప్ఫైమందికీ ఒకేసారి మహాప్రదానం పెట్టారు. కుట్టుమిషన్లు, ఇస్త్రీ పెట్టెలు, తోపుడుబళ్లు, మూడు చక్రాల బండి, ఎర్ర గ్రైండరు అన్నీ వరసగా పేర్చారు. లచ్చన్నని కూడా పిలిచారు. ఆయన సూచిక ఇంకా పదకొండే. కానీ వేదిక మీద ఒక వికలాంగుడు లేకపోతే నిండుదనం రాదని పాలకవర్గం ప్రత్యేక సడలింపు ఇచ్చింది.

వందన సమర్పణ అచ్చియ్యమ్మది. దానికి ముందు శేషశాయి గారు మైకు ముందుకొచ్చి ఒక ప్రకటన చేశారు. కిందటి సభలో వందన సమర్పణ జరుగుతుండగా కొందరు సిబ్బంది బిర్యానీ పంపకానికి లేచి వెళ్లడం దాతల మనసు నొప్పించింది. కాబట్టి ఇకమీదట వందనం పూర్తయ్యేవరకు సంస్థ సిబ్బంది యావన్మందీ ఎక్కడివాళ్లక్కడ చేతులు జోడించి, కళ్లు మూసుకుని నిలబడాలి. కదిలినవాళ్ల మీద క్రమశిక్షణ చర్య ఉంటుంది. లబ్ధిదారులు వస్తువుల పక్కన ఉంటే చాలు.

అచ్చియ్యమ్మ పదకొండింటికి మొదలుపెట్టింది. రాసిచ్చిన కాగితం పది నిమిషాల్లో అయిపోయింది. ఇక 'సెలవు తీసుకుంటున్నాను' అన్న ఒక్క మాటే మిగిలింది. తల ఎత్తి చూసింది. తలుపు దగ్గర కార్యకర్తలు చేతులు జోడించి, కళ్లు మూసుకుని, ఆ మాట కోసం ఎదురు చూస్తున్నారు. వాళ్ల వెనక వ్యాను తలుపులు తెరిచి ఉన్నాయి. వరస చివర లచ్చన్న మూడు చక్రాల బండి మీద కూర్చున్నాడు. ఆయన చేతులకి చెప్పులు లేవు. రెండు అరచేతులూ పిడి మీద వేసి, కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి తిప్పి చూసుకుంటున్నాడు. జనానికంటే ఎత్తులో కూర్చున్న లచ్చన్నని ఆవిడ అదే మొదటిసారి చూడటం.

అచ్చియ్యమ్మకి ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు.

"అలాగే," అంది మైకులో. "కోదండపాణి బాబుగారి నాన్నగారికి కూడా నా వందనాలండి."

సభలో చప్పట్లు లేచాయి. ఆవిడ వాళ్ల తాతగారికి చెప్పింది. ముత్తాతగారి పేరు తెలీదు గాని ఆయనకీ చెప్పింది. ఆడపడుచులకి చెప్పింది. మేత తిన్న రొయ్యలకి చెప్పింది, అవి పెరిగిన చెరువులకి చెప్పింది, చెరువుల్లో పడ్డ వానకి చెప్పింది. చెబుతూ చెబుతూ వెనక వరసలో అన్నం క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న గంగరాజు వంక చూసింది. తరవాత వ్యాను వంక చూసింది. తరవాత లచ్చన్న వంక చూసింది. గంగరాజు పాతికేళ్లు కాపురం చేసిన మనిషి. క్యారేజీ పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, మెల్లిగా లేచాడు.

మొదట లచ్చన్న బండి కదిలింది. పక్క తలుపు దాటేటప్పుడు చక్రం కిర్రుమంది. కళ్లు మూసుకున్న ఒక కార్యకర్త కనుబొమ ఎగరేశాడు గాని కదల్లేదు. అచ్చియ్యమ్మ గొంతు పెంచి కరెంటాఫీసు వాళ్లకి వందనాలు చెప్పింది. తరవాత కుట్టుమిషన్లు వెళ్లాయి. ఇస్త్రీ పెట్టెలు కొంగుల కింద వెళ్లాయి. గ్రైండరుని ఇద్దరు ఆడవాళ్లు ఎత్తి ఒక తోపుడుబండి మీద పెడితే, గంగరాజు బరువంతా దాని మీదే మోపి తోసుకుపోయాడు. అప్పుడావిడ గ్రైండరు రాయికి వందనాలు చెబుతోంది. ఆ రాయి పుట్టిన కొండకీ, కొండని పగలగొట్టినవాళ్లకీ, వాళ్లకి అన్నం వండిన ఆడవాళ్లకీ.

దాతలు ఎవరూ కదల్లేదు. ప్రతివాళ్లూ తమ పేరు మళ్లీ వస్తుందేమోనని చూస్తున్నారు. వచ్చేది కూడా. శేషశాయి గారికి ఒంటిగంటకి అనుమానం తగిలింది. కళ్లు తెరిచి చూసేసరికి వరస సగం ఖాళీగా ఉంది. అడుగు ముందుకి వెయ్యబోతే కోదండపాణి గారు ఆయన చొక్కా పట్టుకుని, వందనం నడుస్తోందండీ అని మందలించారు. ప్రమోదిని గారు మాత్రం కొలవడానికి కళ్లు తెరిచే ఉంచుకుని, అచ్చియ్యమ్మ వైపు పట్టిన యంత్రం వంక చూస్తూ ఉండిపోయారు. అందులో నూరు కనపడుతోంది.

రెండున్నరకి, ఆఖరి ఇస్త్రీ పెట్టె వంతెన దాటి ఉంటుందని లెక్క వేసుకుని, అచ్చియ్యమ్మ సెలవు తీసుకుంది. ఆ సెలవు ఎవరికీ వినపడలేదు. అప్పటికే గొంతు పోయింది.

సాయంత్రం పోలీసు స్టేషనుకి రమ్మని కబురొచ్చింది. అక్కడ శేషశాయి గారు, ప్రమోదిని గారు కూర్చుని ఉన్నారు. ఎస్సై గారు అచ్చియ్యమ్మని ఏదో అడగబోతే ఆవిడ గొంతు చూపించి చెయ్యి ఊపింది. ఆయన సంస్థవాళ్ల వైపే తిరిగారు.

"ఇంతకీ ఆ వస్తువులు మీరు వాళ్లకి ఇచ్చారా, ఇవ్వలేదా?"

"ఇచ్చాం. అయితే అది ప్రదానం వరకే," అన్నారు శేషశాయి గారు.

ఎస్సై గారు బల్ల మీది పేపరు వాళ్ల ముందుకి జరిపారు. కిందటి వారం సంస్థే వేయించిన ప్రకటన. ముప్ఫైమందికి ముప్ఫై వస్తువులు శాశ్వతంగా అందజేయబోతున్నట్టు పెద్దక్షరాల్లో ఉంది. సరే, ఫిర్యాదు రాసివ్వండి అన్నారు. వాళ్లిద్దరూ గంటన్నర కూర్చుని రాశారు, కొట్టేశారు, మళ్లీ రాశారు. ఎటు తిప్పి రాసినా, మేము ఇచ్చినవి వాళ్లు తీసుకున్నారు అనే వస్తోంది. ఎస్సై గారు చదివి, దీనికి సెక్షను లేదండీ అని కాగితం తిరిగిచ్చారు. అచ్చియ్యమ్మని ఇంటికి వెళ్లమన్నారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ అలవాటు కొద్దీ మెడ వంచబోయి, మధ్యలో ఆపేసి, మామూలుగా నడిచి వచ్చేసింది.

మర్నాడు ఆరింటికి బండి మీద ఇడ్లీ ఉంది, మల్లెపువ్వుల్లా. మిల్లు కూలీలు ఒకళ్లిద్దరు ఆగి చూసి, మిగతావాళ్లని కేకేశారు. ఎన్ని కావాలో అచ్చియ్యమ్మ వేళ్లతోనే అడిగింది. మూడు రోజులు ఆవిడ నోటి నుంచి మాట లేదు.

ఎనిమిదింటికి లచ్చన్న వచ్చాడు. వంతెన వాలు మీద చేతులు పిడి మీంచి తీసేసి, బండిని దాని మానాన వదిలేసి, సరిగ్గా ఇడ్లీ పాత్ర ముందు ఆపాడు. మొహం ఎప్పట్లాగే అలిగినట్టుంది. ఆవిడ నాలుగు ఇడ్లీ పెట్టి చట్నీ ఎక్కువేసింది. ఆయన కూర్చున్న చోటే కూర్చుని తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, బండి తిప్పుకున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పుకోలేదు.